కుండీ మొక్కల వేళ్ళను తిను పురుగులు

మొక్క వాడినది; నీరు పోసితిమి. మఱునాడు మఱికొంత వాడినది. మఱికొంత నీరు పోసితిమి. వారము దినములలో అడుగు ఆకులు పసుపువన్నెకు తిరిగి వ్రాలిపోయినవి. పొరుగింటి అమ్మగారు వచ్చి చూచి, "ఎఱువు చాలలేదేమోనండీ" అనిరి. ఎఱువును వేసితిమి. మొక్క చనిపోయినది. ఇంటిలో కుండీలు పెట్టుకొని మొక్కలు పెంచు శ్రోతలలో ఈ యనుభవము లేనివారు తక్కువగా నుందురని తలంచుచున్నాను.

ఆకును తిను పురుగు కంటికి కనబడును. కొమ్మను పట్టిన పేనుబంకను చేతితో తుడిచివేయవచ్చును. వేరును పట్టిన చీడ మాత్రము మట్టిచాటున నుండి పని చేయును. మనకు కనబడునది పురుగు కాదు, దాని పని వలన కలిగిన ఫలము. వేరు దెబ్బతిన్న మొక్క నీటిని పీల్చుకొనలేదు. కావున మట్టి తడిగా నున్నను ఆకు దాహముతో వాడును. ఆ వాడుట చూచి మనము నీరు పోయుదుము. నీరు నిలిచిన మట్టిలో మిగిలిన వేళ్ళును కుళ్ళును. పురుగు సగము చంపినదానిని మన దయ పూర్తిగా చంపును. కనుక మట్టి తడిగా నుండియు మొక్క వాడినచో, చేతిలోని చెంబు క్రింద పెట్టి, కుండీని బోర్లించి, వేళ్ళను చూడవలెను.

చూచుటలో గూడ ఒక మెలకువ కలదు. 1860 తరువాతి సంవత్సరములలో ఫ్రాన్సుదేశమున ద్రాక్షతోటలు కారణము తెలియక ఎండిపోసాగినవి. చచ్చిన తీగలను త్రవ్వి చూచిన వారికి కుళ్ళిన వేళ్ళు తప్ప ఏమియు కనబడలేదు. 1868 జూలైలో ప్లాంషోన్ అను వృక్షశాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును బ్రతికియున్న తీగల వేళ్ళను పరీక్షించిరి. వాని మీద పసుపువన్నె గల సూక్ష్మమైన పురుగులు గుంపులు గుంపులుగా కనబడినవి. తినుటకు రసము లేని చోట పురుగునకు పనియేమి? అది చచ్చిన తీగను విడిచి ప్రక్క తీగకు పోయినది. మన కుండీలకును ఇదియే న్యాయము. చచ్చిన మొక్కను పెఱికి చూచి "ఏమియు లేదు" అని నిశ్చయింపరాదు. దాని ప్రక్కనున్న పచ్చని మొక్కను బోర్లించి చూడవలెను.

పొలములో కంటె కుండీలో ఈ చీడ ప్రమాదకరమైనది. భూమిలో వేరు ఒక ప్రక్క దెబ్బతినినచో వేఱొక ప్రక్కకు ప్రాకును. వానలు, ఎండలు, దున్నకము, పురుగును తిను పురుగులు, ఇవి యన్నియు చీడను కొంత అదుపులో నుంచును. ఎనిమిదంగుళముల కుండీలో వేరునకు పోవుటకు చోటు లేదు. గదిలో నున్నందున చీడకు శత్రువు లేదు. ఎండాకాలమున గాని చలికాలమున గాని దానికి తిండి కొఱత లేదు.

నాకు ఈ సంగతి తెలిసివచ్చిన విధము చెప్పెదను. మా యింట తూర్పు కిటికీ దగ్గఱ ఒక చాగజాతి మొక్క యుండెను. ఇప్పుడు అంగళ్ళలో స్నేక్ ప్లాంటు అని అమ్ముచున్నది ఇదియే: కత్తివలె నిలువుగా లేచు ఆకు, ఆకు అంచున పసుపుపచ్చని పట్టె. మా మేనత్త తన పెరటిలోని గుబురునుండి ఒక పిలకను చీల్చి నా కిచ్చినది. తరువాత ఆమె గతించినది, ఆ యిల్లు అమ్ముడుపోయినది, పెరడు ఉన్నచోట ఇప్పుడు మేడ లేచినది. ఆమె చేతి మొక్కలలో నాకడ మిగిలినది ఇది యొక్కటే.

నెల దినములు నీరు పోయకున్నను బ్రతుకు మొండి మొక్క యిది. అట్టిది ఒక వేసవిలో కొత్త ఆకు వేయుట మానినది. ఉన్న ఆకులు నిలువునా ముడుతలు పడినవి. చేతితో కదపగా మొక్క మొత్తము కుండీలో ఊగినది. పైన పురుగు లేదు, మచ్చ లేదు. కుండీ పళ్ళెము చుట్టు చీమలు మాత్రము బారులు తీరి తిరుగుచుండెను. ఎక్కడనో తీపి పడియుండునని తలంచి వానిని తుడిచివేసితిని. అది నా మొదటి తప్పు. రెండవది, నీరు ఎక్కువ చేయుట. మూడవది అన్నిటికంటె చెడ్డది: ఆ కుండీని మఱి నాలుగు కుండీలతో కలిపి ఒకే పెద్ద పళ్ళెములో నిలిపితిని.

తుదకు బోర్లించి తట్టగా మట్టిగడ్డ ఊడివచ్చినది. కుండీ లోపలి గోడకు సున్నము చిలికినట్లు నీలి తెలుపు మచ్చలు. వేళ్ళ సందులలో దూదిపింజలవంటి ముద్దలు. భూతద్దము పెట్టి చూడగా నువ్వుగింజకంటె చిన్నవైన తెల్లని పురుగులు మెల్లమెల్లగా కదలుచున్నవి. వీనిని వేరు పిండినల్లులు అందుము.

మందారమునకు, జామకు పట్టు పిండినల్లి మన కందఱకును తెలిసినదే. దానికి నేలలో కాపురముండు దాయాది యిది. మనకు లక్కనిచ్చు పురుగును దూరపు చుట్టమే. ఒకే వంశములో నొకటి సొమ్ము తెచ్చును, ఒకటి కొంప తీయును. ఆడుపురుగు ఒకటి మొదలు మూడు మిల్లీమీటర్ల పొడవుండును. దానికి రెక్కలు లేవు. వేరున ముక్కు గ్రుచ్చి రసము పీల్చుచు, తన ఒడలిని మైనపుపొడితో కప్పుకొని, ఆ మైనపు దూదిలోనే గ్రుడ్లు పెట్టును. వేడినిబట్టి రెండు మొదలు నాలుగు మాసములలో ఒక తరము పూర్తియగును. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లలు చుఱుకుగా ప్రాకును. కుండీ అడుగు రంధ్రమునుండి కాఱు నీటితో పళ్ళెములోనికి దిగి, ప్రక్క కుండీ రంధ్రముగుండ పైకి ఎక్కును. ఒకే పళ్ళెములో ఐదు కుండీలు నిలుపుట యనగా వానికి రహదారి వేయుటయే. ఈ పురుగునకు మట్టి కొంత పొడిగా నుండుట ఇష్టము. కనుకనే అరుదుగా నీరు పోయు కలబంద, కాక్టసు, చాగ వంటి మొక్కలయందు ఇది హాయిగా నుండును.

ఇక చీమల మాట. పిండినల్లి విసర్జించు తీపి జిగురును చీమలు త్రాగును. దానికి బదులుగా పిండినల్లిని కాచును, ఒక వేరునుండి వేఱొక వేరునకు మోసికొనిపోవును. ఈ స్నేహము ఎంత పాతదో చూడుడు: ఆక్రోపైగా అను చీమజాతిలో రాణి పెండ్లికై ఎగిరిపోవునపుడు, కొత్తకోడలు సారె తీసికొని వెళ్ళినట్లు, పుట్టింటినుండి ఒక పిండినల్లిని దవడల నడుమ పట్టుకొని పోవును. కొత్త పుట్టలో దాని సంతతియే ఆ సంసారమునకు పాడి. కావున ఇంటి లోపలి కుండీ అడుగున చీమలు కాపురముండుట చూచినపుడు చీమలమందు కొఱకు పరుగెత్తక, వేళ్ళలో ఏమున్నదో ముందుగా చూడవలెను.

మట్టిలో తెల్లగా కనబడినదంతయు పిండినల్లి కాదు. కుండీమట్టిలో కలుపు పెర్లైటు గులకలు గట్టిగా నుండును, గోటితో నొక్కిన పొడియగును. ఎఱువు, ఉప్పునీళ్ళవలన పేరుకొను తెల్లని పొర నీటిలో కరగును, లేదా కుండీ గోడకు గట్టిపెచ్చుగా అంటియుండును. బూజు దారములు దారములుగా అల్లుకొనును. అది చాలవఱకు మొక్కకు హాని చేయదు. పిండినల్లి మైనము మీద నీటిబొట్టు వేసినచో, చేమాకు మీదివలె నిలువక జాఱిపోవును. వ్రేళ్ళ నడుమ నలిపిన జిడ్డుగా తగులును. ఈ పరీక్ష ఎవరైనను చేయవచ్చును.

నా మొక్క సంగతికి వచ్చెదను. తెలిసిన తోటమాలి ఒకడు, "అయ్యా, దుంప పాఱవేయండి, నాలుగు ఆకులు ముక్కలుగా కోసి ఇసుకలో గ్రుచ్చండి, కొత్త మొక్కలు వచ్చును" అనెను. మాట నిజమే, చాగ ఆకుముక్క వేరు తొడుగును. కాని అంచున పసుపుపట్టె గల ఈ రకమునకు ఒక చిక్కు కలదు. ఆకుముక్కనుండి లేచిన పిలకకు ఆ పట్టె రాదు. వట్టి ఆకుపచ్చ మొక్కయే పుట్టును. పసుపుపట్టెతో మొక్క రావలెనన్న దుంపతో గూడిన పిలకయే కావలయును. అనగా మా మేనత్త యిచ్చిన మొక్క అట్లే నిలువవలెనన్న, పురుగు పట్టిన ఆ దుంపనే బ్రతికించుకొనవలెను.

చేసిన పని యిది. మట్టినంతయు ప్లాస్టికు సంచిలోనికి దులిపి మూతి బిగించి చెత్తకు పంపితిని; పెరటి ఎఱువుకుప్పలో వేయలేదు. వేళ్ళను ధారగా పడు నీటిక్రింద కడిగితిని. మెత్తబడిన వేళ్ళను, దూదిముద్దలు చిక్కుకొన్న సన్నని వేళ్ళను కత్తెరతో కోసివేసితిని. నిజము చెప్పవలెనన్న, మూడువంతుల వేళ్ళు పోయినవి. దళసరి దుంపగల మొక్కలకు ఇది ప్రాణాపాయము కాదు. ఫెర్నువంటి సుకుమారపు మొక్కకు ఇంత కోత పనికిరాదు. దుంప మడతలయందు స్పిరిటులో ముంచిన దూదితో తుడిచితిని. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలియుటకు కొంచెము సబ్బునీరు చేర్చి, ఆ నీటిలో దుంపను కొంతసేపు ముంచి తీసితిని. తరువాత నీడలో ఐదు దినములు ఆఱబెట్టితిని. కోసిన చోట్లు ఎండి పొఱకట్టిన గాని మట్టిలో పెట్టరాదు, కుళ్ళును. పాతకుండీని సలసల కాగిన నీటితోను, సబ్బుతోను తోమి ఎండబెట్టితిని. కొత్త మట్టిలో ఇసుక పాలు హెచ్చుచేసి నాటితిని.

పళ్ళెములోని తక్కిన నాలుగు కుండీలను బోర్లించగా, రెండింట పురుగు కనబడినది. వానికిని ఇదే చికిత్స. ఒక కాక్టసు దక్కలేదు.

ఒక్క కడుగుటతో పని ముగిసినదని తలంపరాదు. మైనపు దూదిలోని గ్రుడ్లకు నీరుగాని నూనెగాని చక్కగా అంటదు. మూడు వారముల తరువాత మరల బోర్లించి చూడవలెను. పురుగు కనబడినచో మరల కడుగవలెను. మూడుమార్లు వరుసగా శుభ్రముగా కనబడువఱకు ఆ కుండీ వేఱు గదిలో, వేఱు పళ్ళెములో నుండవలెను. మొదటి కడుగుటకంటె ఈ మూడు నెలల ఓపికయే కష్టము.

ఉష్ణోదకముతో చేయు చికిత్సయు ఒకటి కలదు. హవాయి దీవులలో ఎగుమతికై పెంచు కుండీతాళ్ళను సుమారు 49 డిగ్రీల సెంటీగ్రేడు వేడినీటిలో, మట్టిగడ్డ నడిబొడ్డు వేడెక్కువఱకు ముంచి, వేరు పిండినల్లిని చంపుట పరీక్షించి చూచిరి. ఉష్ణమాపకము లేక ఇంటిలో దీనిని అనుకరింపవలదు. నాలుగు డిగ్రీలు తగ్గిన పురుగు బ్రతుకును, నాలుగు డిగ్రీలు హెచ్చిన మొక్క ఉడుకును.

ఇక మందులు. మట్టిలో పోయగా వేరుద్వారా మొక్క రసములోనికి చేరి, ఆ రసము పీల్చిన పురుగును చంపు మందులు కలవు. వానిలో ఇమిడాక్లోప్రిడ్ అనునది ప్రసిద్ధము. వేరు పిండినల్లి మీద అది పనిచేయును, నేను కాదనను. కాని తులసి, కరివేపాకు, పుదీన మొదలైన తినుమొక్కల కుండీలో దానిని పోయనే పోయరాదు. పూచెడు మొక్కకు పోసి వసారాలో పెట్టినచో తేనెటీగలకు హాని. ఈ కారణముననే 2018లో ఐరోపా సమాజము ఆరుబయట దీని వాడుకను నిషేధించినది. వాడక తప్పనివారు సీసాపై వ్రాసిన మోతాదు దాటక, చేతికి తొడుగులు వేసికొని వాడుదురు గాక. పూర్వము ఫోరేటు గుళికలను పూలకుండీలలో చల్లు అలవాటు కొందఱకు ఉండెను. అది మనుష్యులకును ఘోరమైన విషము. 2020 డిసెంబరు 31 మొదలు మన దేశమున దానిని నిషేధించినారు. పాతడబ్బా ఇంకను అటకమీద నున్నచో దాని జోలికి పోవలదు. కుండీపైన పసుపుపొడి చల్లుట, కాఫీపిప్పి వేయుట వంటి చిట్కాలు మట్టి అడుగున నున్న పురుగును చేరవు.

రెండవ శత్రువు నుసుములు. దీపము చుట్టు, ముఖము చుట్టు తిరుగు చిన్న నల్లని యీగలు మీరు చూచియే యుందురు. ఎగురునవి చేయు హాని ఏమియు లేదు, చీకాకు తప్ప. వాని పిల్లలు తడిమట్టి పై రెండు మూడు అంగుళములలో నుండును: గాజువంటి తెల్లని ఒడలు, నిగనిగలాడు నల్లని తల. ప్రధానముగా అవి తినునది బూజును, కుళ్ళిన ఆకును. సంఖ్య హెచ్చినపుడు లేత వేళ్ళను కొఱుకును. పెద్ద మొక్క తట్టుకొనును; నారుమొక్క, అప్పుడే వేరు తొడుగుచున్న కొమ్మ తట్టుకొనలేవు. గ్రుడ్డునుండి రెక్కల పురుగు వఱకు వేడి గదిలో సుమారు మూడు వారములు. మట్టిపై బంగాళాదుంప చెక్కలను కోసి పెట్టి, రెండు దినముల తరువాత ఎత్తిచూచినచో అడుగున పిల్లలు మూగియుండును. ఈ పరీక్ష సులభము.

దీనికి మొదటి మందు నీరు తగ్గించుట. పై రెండంగుళములు ఎండువఱకు ఆగి నీరు పోసినచో పిల్లలు ఎండి చచ్చును. పిండినల్లికి ఇష్టమైన పొడితనమే నుసుమునకు మృత్యువగుట విచిత్రము. కనుక ఏ పురుగో తెలియక చికిత్సకు దిగరాదు. ఎగురువానికి పసుపుపచ్చని జిగురు అట్టలు. మొండికెత్తినచో, దోమపిల్లలను చంపుటకు వాడు ఒక సూక్ష్మజీవి కలదు: బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్. దీనిని 1976లో ఇస్రాయేలుదేశపు నెగెవ్ ఎడారిలోని ఒక నీటిమడుగున కనుగొనిరి. దాని పొడిని నీట కలిపి కుండీలో పోసినచో దోమ, నుసుము జాతుల పిల్లలు చచ్చును. మనకుగాని వానపాముకుగాని బాధ లేదు.

మూడవది కంటికి కనబడని నులిపురుగు. దీని పిల్ల పొడవు మిల్లీమీటరులో సగము కూడ లేదు. అది వేరులోనికి దూరి ఒకచోట కుదురుకొనగా అచ్చట కణుపువలె బుడిపె లేచును. 1855లో ఇంగ్లాండున గాజుటింటిలో పెంచిన దోసతీగల వేళ్ళయందు ఈ బుడిపెలను బెర్క్‌లీ అను శాస్త్రజ్ఞుడు మొదట వర్ణించెను. మన యిండ్లలో దీనికి బలియగునవి టమాటా, వంగ, బెగోనియా, వసారాలోని తులసి. ఏటేట కొత్త నారు తెచ్చి పాతమట్టిలోనే తులసిని నాటి, "మా యింట తులసి నిలువదు" అని దుఃఖించు గృహిణులను ఎఱుగుదును. దోషము ఇంటిది కాదు, మట్టిది. వేళ్ళను కడిగి చూచినచో జపమాల పూసలవలె బుడిపెలు కనబడును. చిక్కుడుజాతి మొక్కల వేళ్ళపై సహజముగా నుండు బుడిపెలు వేఱు. అవి ప్రక్కన అంటుకొని గోటితో గీకిన ఊడివచ్చును, నులిపురుగు బుడిపె వేరే ఉబ్బినది గనుక ఊడదు.

ఒకమారు లోనికి దూరిన నులిపురుగును ఇంటిమందుతో వెడలించు దారి లేదు. మొక్కను, మట్టిని వదలుకొనవలెను. మట్టి పాఱవేయ మనసొప్పనివారు దానిని మే నెలలో తడిపి, పలుచగా పఱచి, పారదర్శకమైన ప్లాస్టికు కాగితము కప్పి అంచులు బిగించి నాలుగు మొదలు ఆఱు వారములు ఎండకు వదలవలెను. నల్లకాగితము కంటె పారదర్శకమైనదే మేలు, ఎండవేడి లోపలికి చొచ్చుకొనిపోవును. మన కోస్తా, రాయలసీమ, తెలంగాణ వేసవులకు ఈ యొక్క పనిలోనైనను మనము కృతజ్ఞులము కావచ్చును. తరువాత ఆ మట్టిలో వేపపిండి కలిపి, మొదట బంతిని వేసి చూడుడు. బంతివేరునందలి ఒక పదార్థము నులిపురుగునకు గిట్టదు.

పచ్చి పేడయెఱువుతో వచ్చు తెల్లని లావుపాటి గొంగళ్ళ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. బాగుగ చివికిన ఎఱువును జల్లించి వాడినచో అవి రానే రావు.

కొత్త మొక్కను ఎచ్చటినుండి తెచ్చినను, కడియము తోటలనుండి యైనను, స్నేహితుల పెరటినుండి యైనను, ఇంటికి చేరినదినముననే కుండీనుండి మెల్లగా ఊడదీసి వేళ్ళు చూడుడు. చూచి, నెలదినములు వేఱుగా నుంచుడు. ఇచ్చినవారు నొచ్చుకొందురేమో యను మొగమాటము వలదు. వారి యెదుట చేయనక్కఱలేదు.

మా చాగకు నాటిన తరువాత రెండు మాసముల వఱకు కదలిక లేదు. మూడవ మాసమున మట్టిని చీల్చుకొని గోరంత మొలక వచ్చినది. చాలదినములు వట్టి ఆకుపచ్చగనే కనబడి నన్ను భయపెట్టి, జానెడు లేచిన పిదప అంచున సన్నని పసుపుగీత తేల్చినది. ఇప్పుడు మూడు పిలకలున్నవి. మేనత్త కూతురు తనకొకటి కావలెనని అడిగినది. ఈ యేడు మూడవమారు బోర్లించి, వేళ్ళను భూతద్దముతో చూచి, పిలకను చీల్చి పంపితిని. ఆమె కుండీకి వేఱే పళ్ళెమును గూడ నేనే కొని యిచ్చితిని.